'చాలా బాగుందండీ' దగ్గర ఆగిపోయిన కథల గుంపు: ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, మిగతావాళ్ళకీ తెలియాలి కదా. పలాస-కాశీబుగ్గలో మీరు ఎనిమిది మంది కలిసి కథలు రాసుకునే గుంపు పెట్టుకున్నారు. వాట్సాప్‌లో కథలు పెట్టుకుంటున్నారు. మొదట్లో హుషారుగా సాగింది, ఇప్పుడు ఎవరు ఏం పెట్టినా 'చాలా బాగుందండీ', 'కళ్ళు చెమర్చాయి', నాలుగు దండాల బొమ్మలు, అంతే. ఒక మాస్టారి కథ మీద మీరు ఉన్నమాట చెబితే ఆయన గ్రూపు వదిలేసి వెళ్ళిపోయారు. పత్రికలకి పంపిన కథలు అచ్చు కాలేదు, ఎందుకు కాలేదో ఎవరూ చెప్పలేదు. విమర్శ ఎలా చెప్పాలి, కథలు ఎలా బాగుపడతాయి, అందరం కలిసి ఒక పుస్తకం వేసుకోవచ్చా అని అడిగారు. శ్రీకాకుళంలో ఇలాంటి కూర్చోవడాలు చాలా ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి, కొన్ని నడిపినవాణ్ణి. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

మాస్టారి సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ అక్కడే ఉన్నాయి. మీరు ఆయనకి ఏం చెప్పారో కూడా రాశారు: 'కథలో బిగువు లేదు, పాత్రలు బలంగా లేవు.' సరే. ఆ మాట విన్న మనిషి ఇంటికెళ్ళి ఏ వాక్యం పట్టుకుని సరిచేయాలి? బిగువు ఎక్కడ సడలింది? ఏ పాత్ర, ఏ పేజీలో? మీరు చెప్పింది తీర్పు. తీర్పు ఇస్తే ఎదుటివాడికి మూడే దారులు, ఒప్పుకోవడం, పోట్లాడటం, లేదా లేచి వెళ్ళిపోవడం, ఆయన ఆ మూడోది చేశారు. నిజానికి 'చాలా బాగుంది' కూడా తీర్పే, కాకపోతే తియ్యటి తీర్పు. మీ గుంపులో ఇప్పటిదాకా రెండు రకాల తీర్పులే నడిచాయి, చదివినవాడికి చదువుతుండగా ఏం జరిగిందో ఒక్కరూ చెప్పలేదు.

అదొక్కటే గుంపు చేయగలిగిన పని. 'రెండో పేజీలో పెళ్ళివాళ్ళు దిగిన దగ్గర ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక వెనక్కి వెళ్ళి చదివాను' అనండి. 'నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచినప్పుడు లోపల ఏముందో చూడాలని ఆత్రంగా అనిపించింది, కానీ పెట్టె సంగతి మళ్ళీ రాలేదు' అనండి. 'కొడుకు తిరిగొచ్చాడన్నారు, ఎప్పుడు వెళ్ళాడో నాకు తెలీలేదు' అనండి. ఇలాంటి మాటని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే మీరు కథ గురించి కాక మీ గురించి చెబుతున్నారు. రచయిత దాన్ని సరిచేసుకోవచ్చు, చేసుకోకపోవచ్చు, అది ఆయనిష్టం. కానీ పట్టుకోడానికి చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇది వాట్సాప్‌లో కుదరదు, ఆ ఆశ వదులుకోండి. అక్కడ మౌనంగా ఉంటే అమర్యాద, పొడుగ్గా రాస్తే గొడవ, కాబట్టి మనిషన్నవాడు దండం పెట్టి తప్పుకుంటాడు. వాట్సాప్‌ని కబురుకి ఉంచుకోండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కథ. కథలు నెలకోసారి ఒకచోట కూర్చుని వినాలి.

ఎక్కడ అన్నది చిన్న విషయం అనుకోకండి. మీలో ఒకరి ఇంటి మేడ మీద పెట్టుకున్నామని రాశారు. ఎవరింట్లో పెట్టినా ఆ ఇంటికి రాలేనివాళ్ళు, వచ్చినా ముడుచుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు. కులం మాట మనం పైకి అనం గానీ ఎవరి ఇంటికి ఎవరు ఎంత సులువుగా వెళ్ళగలరో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. పైగా ఆ ఇంటాయన కథ బాగోలేదని ఆయన ఇచ్చిన టీ తాగుతూ చెప్పేదెవరు? మీ శాఖా గ్రంథాలయంలో అడగండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిపే కడుతున్నాం, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. లైబ్రేరియన్‌కి కూడా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలప్పుడు ఏదో ఒక కార్యక్రమం కావాలి, అప్పుడు మీరు పిల్లలకి కథలు చెబుతామంటే ఏడాది పొడుగునా బల్లా కుర్చీలూ ఇస్తారు. అదీ కుదరకపోతే బడి ఉంది, ఆదివారం ఖాళీయే. వేళ మాత్రం మీ గుంపులో ఆడవాళ్ళని అడిగి పెట్టండి, మగవాళ్ళ తీరుబడిని బట్టి సాయంత్రం ఆరింటికి పెడితే, చీకటి పడేలోపు ఇల్లు చేరాల్సినవాళ్ళు సగంలో లేచిపోతారు, తర్వాత రావడం మానేస్తారు, ఆపైన మనం 'ఆడవాళ్ళు రాయట్లేదు' అని సభల్లో వాపోతాం.

కూర్చున్నాక ఏం చేయాలంటే, ఒక రోజుకి రెండు కథలు చాలు. రాసినవాళ్ళు తమ కథ తాము చదవకూడదు, ఇంకొకరి చేత చదివించండి. ఇది చాలామందికి నచ్చదు, కానీ దీనివల్ల జరిగే మేలు ఇంకే పద్ధతిలోనూ జరగదు. రాసినవాడు చదివితే కాగితం మీద లేని బాధని గొంతులో కలిపేస్తాడు, మనం ఆ గొంతుకి కరిగిపోయి కథకి మార్కులు వేస్తాం. వేరేవాళ్ళు చదివితే కాగితం మీద ఉన్నదే వస్తుంది. ఎక్కడ తడబడ్డారో అక్కడ వాక్యం బాగోలేదన్నమాట, ఎక్కడ ఊపిరి చాల్లేదో అక్కడ వాక్యం పొడుగైందన్నమాట. రచయిత పెన్సిలు పట్టుకుని ఆ చోట్ల గీత పెట్టుకుంటే చాలు, సగం దిద్దుబాటు ఎవరూ నోరు విప్పకుండానే అయిపోతుంది.

తర్వాత అందరూ మాట్లాడేదాకా రచయిత మాట్లాడకూడదు. 'నా ఉద్దేశం ఏమిటంటే' అని మొదలెట్టగానే ఆపండి. పత్రికలో అచ్చయ్యాక పాఠకుడి పక్కన కూర్చుని ఉద్దేశం చెప్పడానికి ఆయన ఉండడు కదా.

ఇంకొకటి, ఇది మన దగ్గర మరీ ముఖ్యం: మొదట చిన్నవాళ్ళు మాట్లాడాలి, పెద్దవాళ్ళు ఆఖర్న. రిటైరైన హెడ్మాస్టరు గారు ముందు మాట్లాడితే ఆ తర్వాత మాట్లాడే ఏడుగురూ 'మాస్టారు చెప్పినట్టు' అనే మొదలుపెడతారు. డిగ్రీ చదివే పిల్ల ముందు చెబితే, ఆమెకి నిజంగా ఏమనిపించిందో తెలుస్తుంది, ఆ తర్వాత మాస్టారు ఆయనకి తోచింది చెబుతారు. నేను చూసినంతలో కథకి పనికొచ్చే మాట ఎక్కువసార్లు ఆ చిన్నవాళ్ళ నుంచే వచ్చింది, వాళ్ళకి కథాశిల్పం గురించి మాట్లాడటం ఇంకా రాదు కాబట్టి అర్థం కానిది అర్థం కాలేదనే అంటారు.

'ఇది మీ ఇంట్లో జరిగిందా?' అన్న ప్రశ్న మాత్రం పూర్తిగా నిషేధించండి. అత్తగారి మీద కథ రాసిన అమ్మాయిని నలుగురూ ఆ ప్రశ్న అడిగితే వచ్చే నెల ఆ అమ్మాయి వెన్నెల మీద కవిత తెస్తుంది.

మాస్టారిని వెనక్కి పిలవాలంటే, క్షమాపణలు, శాలువాలు అక్కర్లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, వచ్చే నెల ఇంకొకరి కథ ఉంది, మీరు చదివి వినిపిస్తారా అని అడగండి. పాఠాలు చెప్పినవాళ్ళకి గొంతు ఉంటుంది, చదవడం ఇష్టం. నాలుగు నెలలు ఇతరుల కథలు చదివి, జనం ఎక్కడ కదిలారో ఎక్కడ ఫోన్లు చూసుకున్నారో ఆయన తన కళ్ళతో చూశాక, తన కథ ఆయనే తెస్తారు. తేకపోయినా నష్టం లేదు, మంచి చదువరి దొరికారు.

ఇక కథల సంగతి. మీరు మూడు కథలు జత చేశారు. పేర్లు చెప్పను, కానీ మూడూ దాదాపు ఒకేలా మొదలయ్యాయి. ఒకదాంట్లో సూర్యుడు 'తూర్పు కొండల చాటు నుంచి' తొంగి చూశాడు. పలాసలో తూర్పున సముద్రం కదండీ! మహేంద్రగిరి ఉత్తరాన ఉంది. ఆ సూర్యుడు మీ ఊళ్ళో ఉదయించినవాడు కాదు, ఎప్పుడో చదివిన కథల్లోంచి వచ్చాడు. ఇది చిన్న తప్పులా కనిపిస్తుంది గానీ మొత్తం రోగం అదే, చూసినది వదిలేసి చదివినది రాయడం. అదే కథలో ఇంకా ఇలా ఉంది: పార్వతమ్మ శ్రమజీవి, జీడి ఫ్యాక్టరీలో ఎండనక వాననక కష్టపడి పిల్లల్ని చదివిస్తోంది. (పేరు మార్చాను.) ఫ్యాక్టరీలో పని షెడ్డు కింద కదా, ఎండా వానా ఎక్కడివి? ఆ మాట పొలం పని గురించి పుట్టింది, రాసినవాళ్ళకి చేతికి అంది వచ్చింది, పెట్టేశారు. రాసిన మనిషి ఇంటి పక్కనే నలుగురు ఆడవాళ్ళు జీడి పనికి వెళుతూ ఉండి ఉంటారు, వాళ్ళని ఒకసారి చూసినా ఆ వాక్యం రాదు.

జీడిగింజ డొక్కలో ఉండే రసం చర్మాన్ని పొక్కిస్తుందని మీ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గింజ కొట్టేవాళ్ళు చేతులకి నూనె రాసుకుంటారు, అయినా వేళ్ళు నల్లబడతాయి. పార్వతమ్మ కష్టజీవి అని మీరు అనకుండా ఆ చేతుల్ని ఒక చోట పెట్టి చూడండి. నేను ఇప్పటికిప్పుడు అల్లింది, గొప్పదేం కాదు:

"కొత్త కోడలికి గాజులు తొడిగే చోట అందరూ చేతులే చూస్తున్నారు. పార్వతమ్మ కొంగు కింద వేళ్ళు రుద్దుకుంది. పోయిన వారం పొక్కిన చోట తోలు ఇంకా నల్లగానే ఉంది. 'నువ్వు తొడుగొదినా, నాకు చేతకాదు' అని పక్కకి జరిగింది."

ఇందులో శ్రమ అన్న మాట లేదు, కన్నీళ్ళు లేవు. కానీ ఇది కూడా మీ గుంపులో పెట్టి చదివిస్తే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఈవిడ భర్త పోయాడా, అందుకని గాజులు తొడగకుండా పక్కకి జరిగిందా? మన దగ్గర ఆ అనుమానం సహజం. రాస్తున్నప్పుడు నాకు ఆ ఆలోచన లేదు, నా బుర్రలో చేతులే ఉన్నాయి. ఇప్పుడు తెలిసింది కాబట్టి రెండు దారులు: భర్త పెళ్ళి పందిట్లో అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఒక్క ముక్క పెట్టి ఆ అనుమానం తీసేయొచ్చు, లేదంటే నిజంగానే ఆవిడ్ని ఒంటరిదాన్ని చేసి రెండు సిగ్గుల్నీ ఒకేచోట ఉంచొచ్చు. రెండోది కథని ఇంకో వైపు తీసుకెళుతుంది. గుంపు చేసే ఉపకారం ఇదే. ఒంటరిగా కూర్చుంటే ఆ ప్రశ్న నాకు రాదు.

రెండో కథ తిత్లీ తుపాను మీద. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున జరిగింది మీ ఊళ్ళో అందరూ చూసిందే, ఉద్దానంలో ప్రతి రాసే చెయ్యీ దాని మీద ఒకటి రాసింది. గాలి హోరు, పడిపోయిన కొబ్బరిచెట్లు, గుండెలవిసేలా ఏడ్చిన రైతు. చదివేవాడికి ఇవి ముందే తెలుసు, పేపర్లో చూశాడు, టీవీలో చూశాడు. కాబట్టి గాలిని వదిలేసి, గాలి పోయాక వచ్చిన మనిషిని పట్టుకోండి. చెట్లు లెక్కరాసుకోడానికి ఒకడు పుస్తకం పట్టుకుని వస్తాడు. అన్నదమ్ములిద్దరి తోటల మధ్య గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు పడి ఉంది. అది ఎవరి పేరున రాయాలి? పరిహారం ఒక్క చెట్టుదే, పెద్ద మొత్తమేం కాదు, కానీ పదేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు ఇప్పుడు ఆ గట్టు దగ్గర ఎదురుబొదురుగా నిలబడాలి. తుపాను కథలో తుపాను ఒక్క వాక్యం చాలు. కిడ్నీ జబ్బు మీద రాసేటప్పుడూ ఇంతే, ఉద్దానం అనగానే డయాలసిస్, చావు, ప్రభుత్వం మీద కోపం అని ఒక వరస స్థిరపడిపోయింది. కోపం న్యాయమైనదే. కానీ వారానికి రెండు మూడు రోజులు డయాలసిస్‌కి పోయే ఇంట్లో ఆ రోజు పొయ్యి ఎవరు వెలిగిస్తారు, పక్క మంచం మీది మనిషితో ఏర్పడే స్నేహం ఎలాంటిది, ఆటో అబ్బాయి డబ్బు అప్పు పెడతాడా, ఇవి దగ్గరగా ఉన్నవాళ్ళే రాయగలరు. హైదరాబాదులో కూర్చున్నవాడు రాయలేడు.

మూడో కథ ముగింపులో ఊరి పెద్దాయన పేజీన్నర ఉపన్యాసం ఇచ్చారు. ఇందులో తప్పంతా రచయితది కాదు, పోటీ ప్రకటనల్లో 'సందేశాత్మకంగా ఉండాలి' అని వేస్తారు, మనవాళ్ళు సందేశం విడిగా ప్యాక్ చేసి చివర్న తగిలిస్తారు. ఒక పని చేయండి, ఆ పేజీన్నర తీసేసి గుంపులో చదివించండి. 'తర్వాత ఏమైంది?' అని ఎవరూ అడక్కపోతే అది అక్కర్లేదన్నమాట. అడిగితే, ఏది అడిగారో అదొక్కటే రాయండి.

యాస గురించి కూడా అడిగారు. మన యాసలో రాస్తే పత్రికలవాళ్ళు తీసుకోరేమోనన్న భయం వదిలేయండి, ఆ రోజులు ఎప్పుడో పోయాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది, ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, దండలు వేసి గ్రాంథికం వాసనొచ్చే కథలు రాస్తే ఏం బాగుంటుంది? అయితే యాసని ముగ్గుపిండిలా పైన చల్లకండి. మీ రెండో కథలో ముసలమ్మ ఒక వాక్యంలో 'ఏటిరా' అంది, తర్వాతి వాక్యంలో 'ఏమిటి నాయనా' అంది. అప్పుడు ఆవిడ మనిషిలా అనిపించదు. ఎవరు మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి: కాశీబుగ్గ బజార్లో కొట్టు పెట్టుకున్నాయన, మందస దగ్గర సవర గిరిజనుల పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంట్లో ఒడియా బయట తెలుగు మాట్లాడే ఇల్లాలు, బ్యాంకులో పనిచేసే గుంటూరు అమ్మాయి, వీళ్ళెవరూ ఒకేలా మాట్లాడరు. కథనం యాసలో ఉండాలా అంటే, కథ చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి. ఆ మనిషి కథలో పాత్రే అయితే ఉండాలి, మొదటి నుంచి చివరి దాకా. లేకపోతే మామూలు తెలుగులో చెప్పి, మాటలు మాత్రం ఎవరివి వాళ్ళకి ఇచ్చేయండి. కష్టమైన మాటకి కింద అర్థాలు ఇవ్వకండి, సందర్భంలో తెలిసిపోతుంది, తెలియకపోతే వాక్యం మార్చండి.

చదవడం గురించి ఎవరూ అడగలేదు, అది కొంచెం దిగులుగా ఉంది. మీకు రైలెక్కి ఆముదాలవలసలో దిగితే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన కథ ప్రతిదీ ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. పాత పత్రికల సంపుటాలు, కథా సంకలనాలు, ఇంకెక్కడా దొరకనివి అక్కడ దొరుకుతాయి. రాలేనివాళ్ళకి వాళ్ళ వెబ్‌సైటులో బోలెడు కథలు స్కాన్ చేసి ఉన్నాయి, రచయిత పేరుతో వెతకొచ్చు. ఒకరోజు మీ ఎనిమిది మందీ కలిసి రండి, ముందు కబురు చేసి తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని. తర్వాత ప్రతి నెలా కూర్చున్నప్పుడు మొదటి పావుగంట ఒకరు తాము చదివిన కథ ఒకదాన్ని కాగితం చూడకుండా నోటితో చెప్పాలి. గుర్తున్నంతే. చెబుతుంటే ఏం మిగిలిందో ఏం జారిపోయిందో వాళ్ళకే తెలుస్తుంది, ఆ మిగిలినదాన్ని రచయిత ఎలా రాశాడో అప్పుడు పుస్తకం తెరిచి చూడండి. శిల్పం మీద ఉపన్యాసం పెట్టించడం కన్నా ఇది నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఒకరు ఏఐతో రాయించి పెడుతున్నారని అనుమానం అన్నారు. నిఘా పెట్టకండి, పరువు తక్కువ. ఎదురుగా కూర్చుని 'ఆ కొట్టు ఏ వీధిలో పెట్టుకున్నారు మీరు, మనసులో?' అని అడిగితే రాసినవాళ్ళు వెంటనే చెబుతారు, రాయనివాళ్ళు నీళ్ళు నములుతారు. అంతే చాలు.

పత్రికల దగ్గరికొస్తే, మీ కథలు ఎందుకు అచ్చు కాలేదో నేను చెప్పలేను గానీ, చదవకముందే పక్కన పెట్టే కారణాలు కొన్ని ఉంటాయి. ఎన్ని మాటల లోపు ఉండాలో వాళ్ళు వేస్తారు, మీ కథ దానికి రెండింతలుంటే ఎవరూ కూర్చుని కుదించరు. యూనికోడ్‌లో అడిగితే యూనికోడ్‌లో, పాత డీటీపీ అను ఫాంట్లలో అడిగితే అందులోనే, కాగితం ఫోటోలు తీసి మాత్రం పంపొద్దు. హామీపత్రం మర్చిపోవద్దు: ఈ కథ నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు. ఆఖరి రెండూ మనవాళ్ళు చూడకుండా సంతకం పెడతారు. ఫేస్‌బుక్కులోనో, కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లోనో పెట్టిన కథని చాలామంది సంపాదకులు, పోటీవాళ్ళు ప్రచురితం కిందే లెక్కేస్తారు. బహుమతి ప్రకటించాక ఎవరో లింకు పంపిస్తే రద్దు చేస్తారు, పేరు కూడా పోతుంది. మీ వాట్సాప్ గ్రూపు మూసి ఉన్నదే అయినా అక్కడి నుంచి కథలు ఎటు పోతాయో తెలీదు, ఎవరో తమ పేరు పెట్టి ఇంకో గ్రూపులో వేస్తే మీరే కాపీ కొట్టినట్టవుతుంది. అందుకే కథలు గ్రూపులో పెట్టొద్దని మొదటే అన్నాను. ఒకే కథని ఒకేసారి రెండు చోట్లకి పంపొద్దు, ఏ కథ ఎక్కడికి ఏ తేదీన పంపారో ఒక నోటుబుక్కులో రాసుకోండి, వాళ్ళు చెప్పిన గడువు దాటితే 'ఉపసంహరించుకుంటున్నాను' అని ఒక మెయిలు పెట్టి ఇంకోచోటికి పంపండి. వెబ్ పత్రికల్ని చిన్నచూపు చూడకండి. 1998 నుంచి నడుస్తున్న ఈమాట ఉంది, సారంగ ఉంది, అక్కడ నిడివి గురించి అంత పీకులాట ఉండదు, కథ కింద పాఠకులు పేరు పెట్టి రాస్తారు.

చివరగా పుస్తకం. ఇప్పుడే వద్దు అంటాను. ఎనిమిది మంది తలో ఇంత వేసుకుంటే పుస్తకం వచ్చేస్తుంది, అందులో కష్టం లేదు. అప్పుడు ఎనిమిది మంది కథలూ వేయాల్సిందే, బాగున్నా బాగోకపోయినా, డబ్బు కట్టారు కదా. ఆవిష్కరణ సభ, నాలుగు శాలువాలు, గౌరవాధ్యక్షుడిగా ఒక నాయకుడు, ఆయన రాక కోసం మూడు గంటలు ఆలస్యం, తర్వాత మిగిలిన కట్టలు ఎవరింట్లో మంచం కిందో. పుస్తకం వచ్చాక గుంపు చెదిరిపోవడం నేను చాలాసార్లు చూశాను, లెక్కల దగ్గర కొంత, 'నా కథ ముందు వేయలేదు' అని కొంత. రెండేళ్ళు ఆగండి. ఒక్కొక్కరివి రెండు మూడు కథలు బయట ఎక్కడో అచ్చయ్యాక, గుంపుతో సంబంధం లేని ఒక మనిషికి అన్నీ ఇచ్చి ఏరమనండి, ఎవరిది లేకపోయినా అలగకూడదని ముందే మాట అనుకుని. మూడొందల కాపీలు మించి వేయొద్దు.

ఆలోపు డబ్బు పోకుండా ఉండటానికి నాలుగు మాటలు. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే బిరుదు, జ్ఞాపిక, సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థల జోలికి పోకండి, కథ చదవకుండా ఇచ్చే బిరుదు ఎందుకు? ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకుంటే ఇస్తారు, దానికి వేలల్లో అడిగేవాళ్ళని నమ్మకండి. కథ రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది, రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలే. ఎవరైనా ప్రచురణకర్త ఒప్పంద పత్రం ఇస్తే మూడు చూడండి: ఏ హక్కులు అడుగుతున్నారు (అచ్చు మాత్రమేనా, ఆడియో, సినిమా, అనువాదం కూడానా), ఎన్నేళ్ళకి, ఎక్కడెక్కడికి. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం ఐదేళ్ళనే లెక్క వేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అని కనిపిస్తే పెన్ను కింద పెట్టేయండి. అలాంటి కాగితం ఏదైనా వస్తే, పేర్లు తీసేసి షరతులు మాత్రం ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.